మధుమేహపు మాత్రకు రాచపుండు పరీక్ష

ఒక మందు ఏ జబ్బు కొరకు పుట్టినదో ఆ జబ్బుకే జీవితాంతము కట్టుబడి ఉండవలెనన్న నియమము లేదు. రైతు పత్తి వేయుట దూది కొరకే. కాని గింజ నుండి నూనె వచ్చును, చెక్క పశువులకు మేత అగును, ఎండిన కట్టె పొయ్యిలోనికి పోవును. వైద్యశాస్త్రమునందును ఇట్టి సందర్భములు అనేకము. థాలిడోమైడ్ అను మందు 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రమాత్రగా బజారుకు వచ్చినది. గర్భిణులు దానిని వాడుటచే అవయవ లోపములతో శిశువులు పుట్టగా 1961లో దానిని ఉపసంహరించినారు. లోకము శపించి పారవేసిన ఆ మందునే 1964లో జెరూసలేములో జేకబ్ షెస్కిన్ అను వైద్యుడు కుష్ఠరోగులకు వచ్చు ఒక దుర్భరమైన ప్రతిక్రియకు వాడి గుణము చూచినాడు. ఆ శతాబ్దము ముగియునాటికి అది ఎముకల మజ్జకు వచ్చు ఒకవిధమైన క్యాన్సరునకు చికిత్స అయినది. వస్తువు మారలేదు, దానిని చూచిన చూపు మారినది.

ఈ వ్యాసమున చెప్పబోవునది మరింత సామాన్యమైన మందు కథ. గుంటూరు నగరమును ఆనుకొని, నేడు నగరములోనే కలిసిపోయిన నల్లపాడు మొదలుకొని ఒంగోలు వరకు, పత్తియు మిరపయు పండు ఈ మైదానములో దానిని ఎరుగని ఊరు లేదు. మిరపకోతకు పోవు తల్లి కొంగుముడిలో, యార్డుకు బస్తాలు తోలు రైతు చొక్కా జేబులో, రైలు కొరకు నల్లపాడు జంక్షనులో కూర్చున్న పింఛనుదారు సంచిలో ఆ మాత్రల అట్ట కనిపించును. దాని పేరు మెట్‌ఫార్మిన్. జనవాడుకలో “షుగరు బిళ్ళ”. ఇరువది ఏండ్లుగా ఈ బిళ్ళను గూర్చి ఒక ప్రశ్న ప్రపంచమంతట తిరుగుచున్నది. మధుమేహమునకు వాడు ఈ మందు రాచపుండును, అనగా క్యాన్సరును, ఆపగలదా? ఇంటిలో ఒకరికి చక్కెర జబ్బు, మరొకరికి క్యాన్సరు ఉన్న కుటుంబమునకు ఇది శాస్త్రజ్ఞుల చర్చ మాత్రమే కాదు. చేతికి అందుబాటులో, చౌకగా ఉన్న బిళ్ళ గనుక, ఆశపడి దానిని మ్రింగుటకు ఎవరి అనుమతియు అక్కరలేదని తోచును. ఆ ఆశకు ఎంత ఆధారము ఉన్నదో చరిత్రక్రమమున పరిశీలించుట మంచిది.

మెట్‌ఫార్మిన్ వంశవృక్షమునకు మూలము నిజముగా ఒక మొక్కయే. ఐరోపాలో గెలీగా అను పేర పెరుగు చిక్కుడుజాతి మొక్కను అక్కడి నాటువైద్యులు శతాబ్దముల తరబడి జ్వరములకు, బాలింతలకు పాలు పడుటకు వాడుచుండెడివారు. అందు గ్వానిడీన్ జాతికి చెందిన పదార్థము ఉన్నదని రసాయనజ్ఞులు 20వ శతాబ్ది ఆరంభమున గుర్తించినారు. 1918లో వాటనబె అను పరిశోధకుడు గ్వానిడీన్ ఇచ్చిన జంతువుల రక్తములో చక్కెర తగ్గుట చూచినాడు. 1922లో డబ్లిన్ నగరములో ఎమిల్ వెర్నర్, జేమ్స్ బెల్ అను ఇద్దరు మెట్‌ఫార్మిన్‌ను మొదటిసారి సంయోగము చేసినారు. అప్పటికి అది సీసాలోని తెల్లని పొడి మాత్రమే, మందు కాదు. ఆ సంవత్సరముననే టొరంటోలో ఇన్సులిన్ మొదటి రోగి ప్రాణమును నిలిపినది. లోకమంతయు ఇన్సులిన్ వైపు తిరిగినది. గ్వానిడీన్ జాతికి చెందిన మరొక మందు సింథాలిన్ జర్మనీలో 1926లో వచ్చి, కాలేయమునకు హాని చేయునని తేలగా క్రమముగా మరుగున పడినది. దానితోపాటు వంశమంతటికిని అపకీర్తి వచ్చినది.

మెట్‌ఫార్మిన్‌ను మరల వెలుగులోనికి తెచ్చినది కూడ మధుమేహము కాదు. మలేరియాకు వాడు ప్రోగ్వానిల్ ఈ కుటుంబములోనిదే. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట ఫిలిప్పీన్స్‌లో యూసేబియో గార్సియా అను వైద్యుడు మెట్‌ఫార్మిన్‌ను ఫ్లూ జ్వరమునకు ఇచ్చి చూచినాడు. రోగులలో కొందరికి రక్తములో చక్కెర తగ్గినదన్న మాట ఫ్రాన్సులో జాన్ స్టెర్న్ అను వైద్యుని దృష్టికి వచ్చినది. అతడు దానిని మధుమేహరోగులపై క్రమపద్ధతిలో పరీక్షించి 1957లో ఫలితములు ప్రకటించినాడు. దానికి అతడు పెట్టిన పేరు గ్లూకోఫేజ్, అనగా చక్కెరను మ్రింగునది. కావున నేడు మనము మధుమేహపు మందు అని పిలుచునది తానే ఒకప్పుడు వేరొక జబ్బు నుండి వలస వచ్చినదని గుర్తుంచుకొనవలెను.

అప్పటికిని దానికి గౌరవము వెంటనే దక్కలేదు. దాని జ్ఞాతి ఫెన్‌ఫార్మిన్ రక్తములో లాక్టికామ్లము ప్రమాదకరముగా పెరుగుటకు కారణమగుచున్నదని తేలి 1970 దశకము చివర అనేక దేశములలో నిలిపివేయబడినది. అమెరికా మెట్‌ఫార్మిన్‌కు అనుమతి ఇచ్చినది 1994 డిసెంబరులో. 1998లో బ్రిటనువారి దీర్ఘకాల పరిశోధన ఒకటి వెలువడినది. స్థూలకాయులైన మధుమేహరోగులలో మెట్‌ఫార్మిన్ వాడినవారికి, కేవలము పథ్యముతో సరిపెట్టుకొన్నవారికన్న మధుమేహ సంబంధమైన మరణములు 42 శాతము తక్కువగా ఉన్నవని అందు తేలినది. ఆనాటి నుండి అది లోకమున అత్యధికముగా వాడబడు మధుమేహపు మందులలో ఒకటి అయినది. దానిని టన్నులకొలది తయారుచేయు కర్మాగారములు మన హైదరాబాదు పరిసరములందును ఉన్నవి.

ఇక క్యాన్సరు ప్రస్తావనకు రావలెనన్న ఒక తెలుగువాని పేరు తలచుకొనక తప్పదు. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరమున జన్మించినాడు. మదరాసు వైద్యకళాశాలలో చదివి, ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము బోధించి, 1920 దశకము ఆరంభమున అమెరికాలోని బోస్టను నగరము చేరినాడు. హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్క్‌తో కలిసి శరీరద్రవములలో భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో కనిపెట్టినాడు. ఆ కొలతబద్ద చేతికి వచ్చిన పిమ్మట వారిద్దరు 1929లో కండరమునందు ఎ.టి.పి. అను పదార్థమును గుర్తించినారు. అదే కాలమున జర్మనీలో లోమన్ కూడ స్వతంత్రముగా దానిని కనుగొన్నాడు. జీవకణము తాను చేయు ప్రతి పనికిని ఖర్చుపెట్టు నాణెము ఈ ఎ.టి.పి. ఈ విషయమును మరచిపోవద్దు. మెట్‌ఫార్మిన్ కథలో ఇది మరల ఎదురగును.

1940లో సుబ్బారావు లెడర్లె పరిశోధనాలయమునకు వెళ్ళినాడు. అక్కడ అతని నాయకత్వమున ఫోలికామ్లము కృత్రిమముగా తయారైనది. దీని వెనుకను మన దేశపు కథ ఒకటి కలదు. బొంబాయిలో బట్టలమిల్లులలో పనిచేయు గర్భిణులకు వచ్చు పాండురోగమును లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు పరిశీలించి, ఈస్టు సారముతో అది కుదురునని 1931లో ప్రకటించినది. ఆ సారములోని గుణద్రవ్యమే ఫోలికామ్లము. రక్తమును వృద్ధి చేయునది గనుక ల్యుకేమియా అను రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు దీని జాతి పదార్థములు మేలుచేయునేమో అని బోస్టనులో సిడ్నీ ఫార్బర్ ఇచ్చి చూచినాడు. మేలు కలుగలేదు. పైగా క్యాన్సరు కణములు మరింత వేగముగా పెరిగినట్లు కనిపించినది. అక్కడనే అసలు బుద్ధి పని చేసినది. ఫోలికామ్లము పెంచుచున్నచో, దానిని అడ్డగించు పదార్థము తగ్గించవలెను కదా! సుబ్బారావు బృందము అట్టి విరోధి పదార్థములను తయారుచేసి పంపినది. వానిలో అమైనోప్టెరిన్ ఒకటి. 1948 జూనులో ఫార్బర్ ప్రకటించిన వ్యాసము ప్రకారము దానిని తీసికొన్న 16మంది పిల్లలలో 10మందికి కొంతకాలము వ్యాధి తగ్గుముఖము పట్టినది. అంతకు పూర్వము ఆ జబ్బు వచ్చిన బిడ్డకు వైద్యుడు చేయగలిగినది దాదాపు ఏమియు లేదు. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావు మరణించినాడు.

అమైనోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ పిమ్మట దాని స్థానమును ఆక్రమించినది. ఇది చేసిన ప్రయాణము మన ప్రస్తుత విషయమునకు అద్దము వంటిది. 1951లోనే గబ్నర్ అను వైద్యుడు అమైనోప్టెరిన్ కీళ్ళవాతమును, సోరియాసిస్ అను చర్మవ్యాధిని తగ్గించుట చూచినాడు. మెథోట్రెక్సేట్‌ను కీళ్ళవాతమునకు వాడుటకు 1988లో అమెరికాలో అనుమతి లభించినది. క్యాన్సరునకు పుట్టిన మందు, వారమునకు ఒకమారు స్వల్పమోతాదులో, లక్షలాది కీళ్ళవాతరోగుల నిత్యచికిత్స అయినది. అక్కడితో కథ ఆగలేదు. ముంబయిలోని టాటా స్మారక ఆసుపత్రి వైద్యులు తల, మెడ భాగములకు వచ్చిన ముదిరిన క్యాన్సరు రోగులకు చౌకయైన మెథోట్రెక్సేట్ మాత్రలతో సెలికాక్సిబ్ అను కీళ్ళనొప్పుల మందును చేర్చి ఇచ్చి చూచినారు. నరములోనికి ఎక్కించు సిస్‌ప్లాటిన్‌తో దానిని పోల్చినారు. 422మందిపై జరిగిన ఆ పరీక్ష ఫలితము 2020లో వెలువడినది. సిస్‌ప్లాటిన్ తీసికొన్నవారి మధ్యస్థ ఆయుఃప్రమాణము 6.1 నెలలు కాగా, మాత్రలు మ్రింగినవారిది 7.5 నెలలు. లాభము కొద్దిపాటిదే. కాని బాధ తక్కువ, ఖర్చు తక్కువ, ఆసుపత్రిలో పడియుండవలసిన పని తక్కువ. పాతమందు క్రొత్తపనిలో నిలువగలదని మన దేశములోనే, సరియైన పరీక్షతో, ఇట్లు రుజువైనది.

మెట్‌ఫార్మిన్ విషయమున ఆశ పుట్టినది స్కాట్లండులోని డండీ నగరములో. జీవకణమున ఎ.టి.పి. అను నాణెము తరిగిపోయినప్పుడు మేల్కొని, ఖర్చు తగ్గించి రాబడి పెంచునట్లు ఆజ్ఞాపించు ఒక ఎంజైము ఉన్నది. ఇంటి యజమాని గాదె అడుగంటుట చూచి పెండ్లిపేరంటములు మానివేయించుట వంటిదే దాని పని. దానిని ఎ.ఎం.పి. కైనేజు అందురు. మెట్‌ఫార్మిన్ ఈ ఎంజైమును మేల్కొలుపునని 2001లో తెలిసినది. క్యాన్సరును అణచియుంచు ఎల్.కె.బి.1 అను జన్యువు కూడ ఈ ఎంజైమునే నడిపించునని 2003లో డండీ శాస్త్రజ్ఞులు చూపినారు. రెండు దారములును ఒకచోట ముడిపడినవి. మధుమేహపు మందు, క్యాన్సరును అణచు జన్యువు, ఒకే తలుపును తట్టుచున్నవి. తెలుగువాడు తన కొలతబద్దతో పట్టుకొన్న ఆ భాస్వర పదార్థమే ఈ ముడికి కేంద్రము.

అయినచో మెట్‌ఫార్మిన్ వాడు మధుమేహరోగులకు క్యాన్సరు తక్కువగా రావలెను కదా! డండీవారు తమ ప్రాంతపు వైద్యపు లెక్కలు తిరుగవేసినారు. క్రొత్తగా మధుమేహము బయటపడిన 11,876మందిలో క్యాన్సరు వచ్చినవారు 923మంది. మెట్‌ఫార్మిన్ వాడినవారికి క్యాన్సరు వచ్చు అవకాశము సుమారు 21 శాతము తక్కువగా ఉన్నట్లు కనిపించినది. 2005లో ఈ చిన్న వ్యాసము బ్రిటిషు వైద్య పత్రికలో వెలువడినది. 2009లో అమెరికాలోని టెక్సాసు వైద్యులు మరొకటి ప్రకటించినారు. రొమ్ముక్యాన్సరునకు ముందుగా మందుల చికిత్స పొందిన 2,529మంది స్త్రీలలో, శస్త్రచికిత్స నాటికి కణితి పూర్తిగా కరిగిపోయినవారు, మెట్‌ఫార్మిన్ వాడు మధుమేహరోగులలో 24 శాతము, వాడని మధుమేహరోగులలో 8 శాతము. ఇట్టి అంకెలు చూచి ఉత్సాహపడని వైద్యుడు ఉండునా? దేశదేశముల నుండి ఇట్టి వ్యాసములు వందలకొలది వచ్చినవి. కొన్నిటిలో మెట్‌ఫార్మిన్ క్యాన్సరును సగమునకు సగము తగ్గించినట్లు కనిపించినది.

అంకె అతిగా అందముగా ఉన్నప్పుడు లెక్క వ్రాసిన పుస్తకమును మరల తెరచి చూడవలెను. ఆ పని చేసినవారు కెనడాలో మాంట్రియల్ నగరపు గణాంకవేత్తలు శామి సుయిస్సా, లారెంట్ అజులే. 2012లో వారు చూపిన లోపమును మన ప్రాంతపు ఉదాహరణతో చెప్పవచ్చును. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు ఇరువదిమార్లు వెళ్ళినవారిని, రెండుమార్లు మాత్రమే వెళ్ళినవారిని తీసికొని ఆయుఃప్రమాణములు లెక్కకట్టినచో, ఇరువదిమార్లు వెళ్ళినవారే దీర్ఘాయుష్మంతులని తేలును. కొండ ఎక్కుట వలన ఆయుష్షు పెరిగినదా? ఇరువదిమార్లు ఎక్కవలెనన్న ముందు ఇరువది ఏండ్లు బ్రతికి ఉండవలెను. ఇదే ఇందలి రహస్యము. మెట్‌ఫార్మిన్‌ను ఎక్కువకాలము వాడినవారిని లెక్కించునప్పుడును ఇదే జరిగినది. మందు మొదలుపెట్టు వరకు, అటుపై చాలకాలము వాడు వరకు, క్యాన్సరు రాకుండ బ్రతికియుండిన కాలమును అనేక వ్యాసములు మందు ఖాతాలో జమకట్టినవి. మరొక చిక్కు కూడ ఉన్నది. మూత్రపిండములు చెడినవారికి, జబ్బు ముదిరినవారికి మెట్‌ఫార్మిన్ ఇవ్వరు. కావున దానిని వాడువారు మొదటినుండియు కొంత ఆరోగ్యవంతులే. ఈ లోపములు సవరించి చూచిన పరిశోధనలలో లాభము బాగుగా కుంచించుకుపోయినది.

ఇట్టి సందేహమును తీర్చుటకు ఒకటే మార్గము. రోగులను చీటీలు తీసినట్లు రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు మందు, రెండవ వర్గమునకు చూచుటకు అట్లే ఉండు మందులేని మాత్ర ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చినారో వైద్యునకును రోగికిని తెలియకుండ ఉంచి, ఏండ్ల తరబడి వేచి చూడవలెను. టొరంటోకు చెందిన పమేలా గుడ్విన్ నాయకత్వమున 2010లో అట్టి పరీక్ష మొదలైనది. రక్తములో ఇన్సులిన్ ఎక్కువగా ఉన్న స్త్రీలకు రొమ్ముక్యాన్సరు తిరుగబెట్టు ప్రమాదము ఎక్కువ అని ఆమె పూర్వమే చూపియుండెను. మెట్‌ఫార్మిన్ ఇన్సులిన్‌ను తగ్గించును గనుక ఆమె ఆశకు బలమైన కారణమే ఉన్నది. కెనడా, అమెరికా, బ్రిటను, స్విట్జర్లండు దేశములనుండి మధుమేహము లేని 3,649మంది రొమ్ముక్యాన్సరు రోగులు అందు చేరినారు. రోజునకు రెండుమార్లు 850 మిల్లీగ్రాముల చొప్పున ఐదేండ్లు వాడవలెనని నియమము.

ఫలితము 2022 మే నెలలో ప్రకటితమైనది. హార్మోను గ్రాహకములు గల ప్రధాన వర్గమున క్యాన్సరు తిరుగబెట్టుట మొదలైన సంఘటనలు మందు తీసికొన్నవారిలోను, మందులేని మాత్ర తీసికొన్నవారిలోను సమానముగా, పదునెనిమిది శాతమునకు కొంచెము పైగా ఉన్నవి. రెండు గీతలు ఒకదానిపై ఒకటి పడినవి. అంతకు ముందు 2021లో ఊపిరితిత్తుల క్యాన్సరు రోగులపై జరిగిన రెండు పరీక్షలలోను మేలు కనబడలేదు. బ్రిటనులో స్టాంపీడు అను పెద్ద పరీక్షలో వ్యాపించిన ప్రాస్టేటు క్యాన్సరు గల 1,874మంది పురుషులను రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు మెట్‌ఫార్మిన్ ఇచ్చి చూచినారు. 2024లో వెలువడిన ఫలితము ప్రకారము ఆయుష్షు పెరిగినదని నిశ్చయముగా చెప్పుటకు తగినంత భేదము లేదు. కాని హార్మోను చికిత్స వలన వచ్చు స్థూలకాయము, రక్తములో చక్కెర పెరుగుట వంటి ఉపద్రవములు తగ్గినవి. జపానులో మాత్రము ప్రేగులలోని పిలకలను తొలగించుకొన్న 151మందిపై జరిగిన చిన్న పరీక్షలో, రోజునకు 250 మిల్లీగ్రాములు ఒక సంవత్సరము వాడినవారికి పిలకలు మరల వచ్చుట తగ్గినట్లు 2016లో ప్రకటించినారు. పిలక క్యాన్సరు కాదు. కొన్ని పిలకలు మాత్రమే ఏండ్ల తరువాత క్యాన్సరుగా మారును. ఆ తలుపు పూర్తిగా మూసుకొనలేదని మాత్రము ఇది చెప్పుచున్నది.

ప్రయోగశాలలో అంతగా పనిచేసినది రోగి శరీరమున ఏల పనిచేయలేదు? ముఖ్యమైన కారణము మోతాదు. గాజుపాత్రలో పెంచిన క్యాన్సరు కణములపై పోసిన మెట్‌ఫార్మిన్ గాఢత, మాత్ర మ్రింగినవాని రక్తములో ఉండు గాఢతకన్న అనేక ప్రయోగములలో వందలరెట్లు ఎక్కువ. కుండీలోని మొక్కకు చెంబెడు నీరు పోసి, అదే చెంబుతో ఎకరము తడియునని లెక్కవేసినట్లు అయినది. రక్తములో ఆ గాఢత వచ్చునంతగా మ్రింగినచో క్యాన్సరుకన్న ముందు లాక్టికామ్లమే మనిషిని తీసికొనిపోవును. రెండవ కారణము, మందు అన్ని కణములలోనికిని సమానముగా ప్రవేశింపదు. కాలేయకణమునకు దానిని లోనికి తీసికొను ద్వారములు మెండుగా ఉన్నవి. చాలా కణితులకు అవి లేవు. కాలేయము చక్కెరను విడుదల చేయుటను తగ్గించుటలో అది సమర్థమగుటకు ఈ ద్వారములే సహాయము.

మధుమేహపు మందులన్నియు క్యాన్సరునకు శత్రువులే అని అనుకొనుటకును వీలులేదు. పయోగ్లిటజోన్ అను మధుమేహపు మందు మూత్రాశయ క్యాన్సరు ప్రమాదమును పెంచుచున్నదేమో అన్న అనుమానముతో 2013 జూనులో మన కేంద్రప్రభుత్వము దాని అమ్మకమును నిలిపివేసినది. మరుసటి నెలలోనే హెచ్చరికలతో మరల అనుమతించినది. ఒకే జబ్బునకు వాడు రెండు మందులలో ఒకటి ఆశకు, మరొకటి భయమునకు గురి అయినవి. రెండింటి విషయమునను పరీక్షయే తీర్పరి.

ఈ అన్వేషణ అంతటికిని వెనుక ఖర్చు ప్రశ్న ఒకటి ఉన్నది. క్రొత్త క్యాన్సరు మందుల ధర సామాన్యునకు అందనిది. కాలేయ, మూత్రపిండ క్యాన్సరులకు వాడు సొరాఫెనిబ్ మందునకు విదేశీసంస్థ నెలకు సుమారు 2,80,000 రూపాయలు వసూలు చేయుచుండగా, 2012 మార్చిలో భారత పేటెంటు అధికారి దానిని 8,880 రూపాయలకు అమ్ముటకు హైదరాబాదులోని నాట్కో సంస్థకు నిర్బంధ అనుమతి ఇచ్చినాడు. మన దేశమున అట్టి అనుమతి అదే మొదటిది. ఆ సంస్థను స్థాపించిన నన్నపనేని వెంకయ్య చౌదరి గుంటూరు జిల్లా గొల్లమూడిపాడు వాస్తవ్యుడు. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో క్యాన్సరు విభాగమునకు భవనము కట్టించినది కూడ ఆ సంస్థ ధర్మనిధియే. ధర తగ్గించుటకు అది ఒక దారి. పాత, చౌకమందులకు క్రొత్త ఉపయోగములు వెదకుట రెండవ దారి. కాని పేటెంటు తీరిపోయిన మందుపై పరీక్ష జరుపుటకు వ్యాపారసంస్థకు లాభము లేదు. మెట్‌ఫార్మిన్ పరీక్షలు జరిగినవన్న, ఎక్కువభాగము ప్రజాధనముతోను, ధర్మసంస్థల విరాళములతోను జరిగినవి. టాటా ఆసుపత్రి పరీక్ష వంటివి మన దేశమున మరిన్ని జరుగవలెనన్న ఆ ఖర్చును ప్రభుత్వమే భరింపవలసి ఉండును. మిరప యార్డులో పంట అమ్మి ఆ డబ్బును నేరుగా ఆసుపత్రిలో కట్టు కుటుంబములకు ఇట్టి పరీక్ష ఫలితము పాలవంటిది.

మరి, నేడు మనము తెలిసికొనదగినది ఏమి? మధుమేహరోగికి మెట్‌ఫార్మిన్ మంచి మందు. వైద్యుడు వ్రాసినంతవరకు దానిని మధుమేహము కొరకే వాడవలెను. దానిని మ్రింగుచున్నాను గనుక నాకు క్యాన్సరు రాదని ధీమాపడి, నోటిలో మానని పుండును, రొమ్ములో తగిలిన గడ్డను ఉపేక్షించుట ప్రమాదము. క్యాన్సరు వచ్చినవాడు శస్త్రచికిత్స, కిరణచికిత్స, నిర్ణయింపబడిన మందులు మాని ఈ బిళ్ళను నమ్ముకొనుట అంతకన్న ప్రమాదము. మధుమేహము లేనివాడు అంగడిలో కొని తనంత తాను మ్రింగుటకు పరీక్షలేవియు ఆధారము చూపలేదు.

మెట్‌ఫార్మిన్ పరీక్షలో ఓడినది కావున ఆ శ్రమ వ్యర్థమని తలపరాదు. ఫోలికామ్లముతో ల్యుకేమియా కుదురునన్న ఆలోచన కూడ పరీక్షలో ఓడినదే. ఆ ఓటమిని దాచిపెట్టక, అది ఏమి చెప్పుచున్నదో విన్నందువలననే అమైనోప్టెరిన్ పుట్టినది. 3,649మంది రోగులు తమ చేతిలోనిది మందో ఉత్తమాత్రో తెలియకయే ఏండ్ల తరబడి మ్రింగి, లోకమునకు ఒక నిశ్చయమైన సమాధానము ఇచ్చినారు. దానివలన మరియొక రోగి అక్కరలేని ఆశపై డబ్బును, అంతకన్న విలువైన కాలమును వృథా చేసికొనకుండును.